బ్లాకౌట్ చుట్టూ ఒక థ్రిల్లర్ నవల రాయడం: నా అనుభవం

థ్రిల్లర్ రాసేవారికి మరపు కంటే సులభంగా దొరికే సరుకు లేదు. హత్య జరిగిన చోట కథానాయకుడు ఉంటాడు, కానీ అతడికి ఏమీ గుర్తుండదు. మూడువందల పేజీల తర్వాత ఏదో వాసనో, ఏదో పాటో తగలగానే ఆ రాత్రంతా వరుసగా కళ్ల ముందుకు వచ్చేస్తుంది, హంతకుడు దొరికిపోతాడు. తాగుడుకు బానిసై, చికిత్స తీసుకొని, మానేసిన స్థితిని నిలబెట్టుకోవడానికి రోజూ పాటుపడుతున్న మనిషిని కేంద్రంగా పెట్టుకొని థ్రిల్లర్ నవల రాయాలనుకున్నప్పుడు నా ముందు కూడా ఈ దారి సిద్ధంగా ఉంది. దాన్ని వదిలిపెట్టడం వెనుక సాహిత్యపరమైన పట్టింపులేవీ లేవు. మద్యం వల్ల కలిగే మరపు, అంటే బ్లాకౌట్, అలా పనిచేయదు, అంతే. ఈ ఒక్క వాస్తవం నవల నిర్మాణాన్ని మొత్తం శాసించింది కాబట్టి, రాసిన అనుభవాన్ని అక్కడి నుంచే చెబుతాను.

కథ క్లుప్తంగా ఇది. నా కథానాయకుడు బీమా సంస్థలో క్లెయిములు విచారించే ఉద్యోగి. ఎదుటివారు చెప్పే కథలో అతుకు ఎక్కడుందో పట్టుకోవడం అతని వృత్తి. తాగే రోజుల్లో ఒక రాత్రి అతడు పరిచయస్థుల ఇంట్లో ఉండగా ఆ ఇంటి యజమాని మేడ మీది నుంచి పడి చనిపోయాడు. పోలీసులు దాన్ని ప్రమాదంగా నమోదు చేశారు. మానేసి నెలలు గడిచాక, ఆ రాత్రి నువ్వే తోశావంటూ ఒక వ్యక్తి అతణ్ణి బెదిరించడం మొదలుపెడతాడు. అదే కాలంలో, చికిత్స కేంద్రంలో తనకు తోడుగా ఉన్న స్నేహితుడు, మత్తు ఇంజెక్షన్లు పూర్తిగా మానుకున్నాడని అందరూ అనుకుంటున్నవాడు, మోతాదు మించి చనిపోతాడు.

బ్లాకౌట్ అంటే స్పృహ తప్పడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ స్థితిలో ఉన్న మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, వాదిస్తాడు, ఒక్కోసారి వాహనం కూడా నడుపుతాడు; అతడు తాగి ఉన్నాడని పక్కవారికి తెలుస్తుందేమో గాని, అతని మెదడు ఏదీ నమోదు చేసుకోవడం లేదన్న సంగతి ఎవరికీ తెలియదు. రక్తంలో మద్యం వేగంగా పెరిగినప్పుడు, ముఖ్యంగా ఖాళీ కడుపుతో గబగబా తాగినప్పుడు, కొత్త జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్ పని కుంటుపడుతుంది. డొనాల్డ్ గుడ్విన్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1960ల చివర్లోనూ, 1970ల మొదట్లోనూ చేసిన పరిశోధనల గురించి చదువుతుండగా నాకు పనికొచ్చే అంశం ఒకటి దొరికింది. బ్లాకౌట్‌లో ఉన్నవారు రెండు నిమిషాల కిందట చూసినదాన్ని చెప్పగలిగారు. అరగంట తర్వాత అడిగితే చెప్పలేకపోయారు. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నవారికి అనుమానం రాకపోవడానికి కారణం ఇదే. ఇందులో రెండు రకాలున్నాయి. పాక్షికమైన బ్లాకౌట్‌లో ఎవరైనా గుర్తుచేస్తే కొన్ని ముక్కలు తిరిగివస్తాయి. సంపూర్ణమైనదానిలో తిరిగి రావడానికి లోపల ఏమీ ఉండదు. వెలుతురు సోకని ఫిలిమును ఎంత కడిగినా బొమ్మ రాదు.

నా కథానాయకుడికి సంపూర్ణమైన బ్లాకౌట్‌నే ఇచ్చాను. దాంతో పతాక సన్నివేశంలో అతడికి ఏదో గుర్తుకు రావడమనే అవకాశం శాశ్వతంగా మూసుకుపోయింది. సత్యం ఏదైనా సరే బయటి నుంచే రావాలి: ఫోన్ కాల్ వివరాలు, బిల్లుల మీది సమయాలు, ఒకరి మాటతో ఒకరి మాట కలవని సాక్షులు. క్లెయిములు విచారించే ఉద్యోగాన్ని అతడికి ఇచ్చింది ఇందుకే. ఇంతకాలం ఇతరుల రాత్రులను కాగితాల నుంచి తిరిగి నిర్మించినవాడు ఇప్పుడు తన రాత్రిని నిర్మించుకోవాలి.

ఇక్కడే ఇంకో ప్రమాదం కూడా ఉంది, దాన్ని వాడుకోవడంలో నాకు కొంత దుష్టమైన ఆనందం కలిగిందని ఒప్పుకోవాలి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగంలో, కార్లు ఢీకొన్న దృశ్యాన్ని చూసినవారిని ప్రశ్నించేటప్పుడు వాడిన క్రియాపదం తీవ్రతను బట్టి వారి జ్ఞాపకమే మారిపోయింది. కార్లు నుజ్జయ్యాయన్న ధోరణిలో ప్రశ్న విన్నవారిలో, మిగతావారి కంటే ఎక్కువమంది, వారం తర్వాత, అక్కడ లేని పగిలిన గాజును చూశామని చెప్పారు. కళ్లారా చూసినవారి పరిస్థితే అది అయితే, లోపల ఏమీ లేని మనిషికి ఎవరైనా వివరాలు అందిస్తూ పోతే ఏమవుతుంది? బెదిరించేవాడు ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక్కొక్క వివరం చెబుతాడు: పిట్టగోడ మీద తడి, చిరిగిన చొక్కా జేబు, కింద మొరిగిన కుక్క. కొన్ని అధ్యాయాలు గడిచేసరికి నా కథానాయకుడు వాటిని చూడటం మొదలుపెడతాడు. అతడికి గుర్తుకొస్తున్నదని సంతోషించే పాఠకుడు, కుక్క ఆ ఇంట్లో ఏనాడూ లేదని తెలిసిన పేజీ దగ్గర ఆగిపోవాలన్నది నా ఉద్దేశం.

పుస్తకాల నుంచి ఇంతవరకు వచ్చింది గాని మనుషుల నుంచి రావలసింది ఇంకా మిగిలింది. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో, బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలుసుకోవడంతో మొదలైంది. దాని సమావేశాలలో తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే ప్రవేశం ఉన్నవి కొన్ని, ఎవరైనా వచ్చి వినగలిగినవి కొన్ని. నేను రెండో రకం సమావేశాలకు వెళ్లాను. నిర్వహించేవారితో ముందే నా పని ఏమిటో చెప్పాను, లోపల కాగితం గాని ఫోను గాని తీయలేదు, అక్కడ విన్న ఏ ఒక్కరి జీవితాన్నీ నవలలోకి తీసుకోలేదు. అజ్ఞాతం మీద నిలిచిన చోటికి రచయిత వెళ్లడం ఎంతవరకు తగునన్న సందేహం నాకు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. తర్వాత విడిగా కూర్చుని మాట్లాడటానికి తామై ఒప్పుకున్నవారితో మాత్రమే మాట్లాడాను.

ఆ సమావేశాలలో నేను ఎదురుచూడనిది నవ్వు. తన జీవితంలోని అత్యంత అవమానకరమైన ఘట్టాన్ని ఒకరు చెబుతుంటే గది గదంతా పగలబడి నవ్వింది, చెబుతున్నవారితో సహా. బయటివాడు నవ్వితే క్రూరత్వం అయ్యేది అక్కడ బంధుత్వంలా వినిపించింది. కోలుకోవడం గురించి రాసే పుస్తకాలలో గంభీరమైన గొంతు ఎక్కువ. నా కథకుడి గొంతులోకి ఆ నవ్వు తెచ్చుకోవడానికి తొలి అధ్యాయాలన్నీ తిరిగి రాశాను.

విడిగా మాట్లాడినవారి మాటల్లో మళ్లీ మళ్లీ వినిపించినది అపనమ్మకం. తాగే రోజుల్లో వారు చెప్పిన అబద్ధాలను ఇంట్లోవారు నమ్మారు. మానేశాక చెబుతున్న నిజాన్ని నమ్మడం లేదు. ఇంటికి పదిహేను నిమిషాలు ఆలస్యంగా వస్తే, కారణం ఎంత నిజమైనదైనా, చెబుతుండగానే తమ గొంతు తమకే అబద్ధంలా వినిపిస్తుందని కొందరు అన్నారు. నవలకు కావలసిన ఇంజిన్ నాకు అక్కడ దొరికింది. ఎవరు చంపారన్న ప్రశ్న ఏ థ్రిల్లర్‌లోనైనా ఉంటుంది; నిజం చెబుతున్న ఈ మనిషిని ఎవరైనా నమ్ముతారా, అసలు అతణ్ణి అతడు నమ్మగలడా అన్న ప్రశ్న వ్యసనం నుంచి బయటపడుతున్నవాడి కథలోనే ఇంత బలంగా నిలుస్తుంది.

చికిత్స తొలి రోజుల అధ్యాయం రాసేటప్పుడు ఒక మనోవైద్యురాలు ప్రతి పేజీ చూశారు. థ్రిల్లర్లలో తరచు కనిపించే దృశ్యం ఒకటుంది: కథానాయకుడు గదిలో తాళం వేసుకొని, చెమటలు కక్కుతూ, గోడలు గుద్దుకొని, నాలుగో రోజు గడ్డం గీసుకొని బయటికి వస్తాడు. దాన్ని చూసి అనుకరించేవాడు ప్రాణం పోగొట్టుకోవచ్చు కాబట్టి నేను రాయదలచుకోలేదు. మద్యం మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి, ఉత్తేజపరిచే గ్లుటమేట్‌ను అణచిపెడుతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగినవారి మెదడు దానికి ఎదురుగా సర్దుకొని ఉంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగినప్పుడు ఆ సర్దుబాటు మాత్రం మిగిలి, నాడీవ్యవస్థ పగ్గాలు తెంచుకుంటుంది. చివరిసారి తాగిన కొద్ది గంటలకే చేతుల వణుకు, చెమటలు, ఆందోళన మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో మూర్ఛలు రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది: ఎక్కడున్నారో తెలియని అయోమయం, లేనివి కనిపించడం, జ్వరం, గుండె దడ. చికిత్స అందకపోతే అది చంపగలదు. అందుకే ఆసుపత్రిలో లొరాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందులిచ్చి మోతాదు క్రమంగా తగ్గిస్తారు.

ఆ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఉపకరించిన వివరం చాలా చిన్నది. ఎక్కువకాలం తాగినవారిలో థయమిన్, అంటే బి1 విటమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. ఆ స్థితిలో ముందు గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయి, వెర్నికే ఎన్సెఫలోపతి అనే మెదడు జబ్బు ముంచుకొచ్చే ప్రమాదం ఉంది. అందుకని థయమిన్ ముందు ఇస్తారు. గ్లూకోజు సీసా చేతిలో పట్టుకొని నిలబడ్డ కొత్త నర్సును సీనియర్ నర్సు ఒక్క మాటతో ఆపే సన్నివేశాన్ని అర పేజీలో రాశాను. కత్తులు, తుపాకులు ఉన్న అధ్యాయాల కంటే ఆ అర పేజీ దగ్గర ఎక్కువ ఉత్కంఠ కలిగిందని పాఠకులు చెప్పారు. ఆ తర్వాతి నెలల గురించి, అంటే పట్టని నిద్ర, రుచి లేని రోజులు, తాగినట్టు కల వచ్చి అపరాధభావంతో మేలుకోవడం గురించి, థ్రిల్లర్‌లో ఎక్కువసేపు నిలవడానికి వీలుండదు. వాటిని వాక్యాల మధ్య చల్లి ముందుకు వెళ్లాను.

నవల నడకను నిర్ణయించినది ఒక మాత్ర. డైసల్ఫిరామ్ అనే ఆ రసాయనాన్ని రబ్బరు పరిశ్రమలో వాడేవారు. కోపెన్‌హాగెన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ తామే వేసుకొని చూశారు. తర్వాత మద్యం ముట్టుకుంటే ఒళ్లు తిరగబడటం గమనించారు, 1948లో ఆ సంగతి ప్రకటించారు. కాలేయం మద్యాన్ని మొదట అసిటాల్డిహైడ్‌గానూ, తర్వాత హాని లేని ఎసిటేట్‌గానూ మారుస్తుంది. ఈ మాత్ర రెండో మెట్టును మూసేస్తుంది. అసిటాల్డిహైడ్ పేరుకుపోయి, తాగిన కొద్ది నిమిషాల్లోనే ముఖం కందిపోతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, రక్తపోటు పడిపోతుంది, తీవ్రమైతే ప్రాణాపాయం. అది అడ్డుకున్న ఎంజైమును శరీరం కొత్తగా తయారుచేసుకోవాలి గనుక, మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల వరకు ప్రభావం ఉండవచ్చు.

ఆ చివరి వాక్యం నా పుస్తకాల్లో ఎక్కడో రాసుకొని, చాలా రోజుల తర్వాత మళ్లీ చదివినప్పుడు దాని విలువ తెలిసింది. రోజూ ఉదయం భార్య ఎదుట మాత్ర వేసుకునే మనిషి తాగాలనుకుంటే, ఆ నిర్ణయం రెండు వారాల ముందే జరిగిపోవాలి. అంటే అతడు మాత్రను నాలుక కింద దాచుకొని పెరట్లో ఉమ్మేసిన ఉదయానికి, తాగాలన్న కోరిక అతని మనసులో మాటగా కూడా ఏర్పడి ఉండదు. పాఠకుడికి మాత్రం తెలిసిపోతుంది. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే, పైన జరిగే అతి మామూలు సంభాషణ కూడా భరించరానిదవుతుందని సినీ దర్శకుడు హిచ్‌కాక్ వివరించిన సూత్రం ఇదే. నా బాంబు పెరట్లోని తడి మట్టిలో కరుగుతున్న తెల్లటి మాత్ర.

ఈ పరిస్థితికి మనస్తత్వశాస్త్రంలో ఆధారం ఉంది. అలన్ మార్లట్, జుడిత్ గోర్డన్ 1985లో వెలువరించిన రిలాప్స్ (మానేశాక మళ్లీ వ్యసనంలోకి జారడం) నివారణ గ్రంథంలో, పైకి తాగుడుతో సంబంధమే లేనట్టు కనిపించే చిన్న చిన్న నిర్ణయాల గొలుసు గురించి చెప్పారు. పాత దారిలో ఇంటికి వెళ్లడం, అతిథుల కోసం ఒక సీసా ఇంట్లో ఉంచడం, ఫలానా మిత్రుణ్ణి పలకరించి రావాలనుకోవడం: ఒక్కొక్కదానికీ నిర్దోషమైన కారణం ఉంటుంది, అన్నీ కలిసి మనిషిని గ్లాసు ముందు కూర్చోబెడతాయి. థ్రిల్లర్ కథనం అల్లేవారికి ఇంతకంటే మంచి పాఠం ఉండదనిపించింది, ఎందుకంటే ఆధారాలను పాఠకుడి కళ్లెదుటే దాచే పద్ధతి సరిగ్గా ఇదే. హంతకుణ్ణి వెతకడానికని నా కథానాయకుడు వేసే ప్రతి అడుగుకూ రెండు కారణాలు ఉండేలా అధ్యాయాలను పేర్చాను. పాత బారుకు అతడు వెళ్లింది సాక్షి కోసమే. సాక్షిని బయట కూడా కలవవచ్చు.

ఈ రెండో కారణాన్ని ముందుగా పసిగట్టేది భార్య. వ్యసనపరుడితో ఏళ్ల తరబడి బతికినవారికి ఏ అపరాధ పరిశోధకుడికీ ఇవ్వని శిక్షణ దొరుకుతుంది: తాళం తిప్పడానికీ తలుపు తెరవడానికీ మధ్య ఎంత వ్యవధి పట్టింది, మెట్ల మీద అడుగు ఎలా పడింది, ఫోన్లో మొదటి మాట ఎంత జాగ్రత్తగా పలికాడు. కుటుంబసభ్యుల కోసం 1951లో అల్-అనాన్ విడిగా ఏర్పడటానికి కారణం కూడా వారి బతుకంతా ఈ కాపలాగా మారిపోవడమే. మొదట సహాయపాత్రగా అనుకున్న ఆమెకే నేరం చిక్కుముడి విప్పే పని అప్పగించాను. ఆమె కాపలా మానుకోవాలని తనకు తాను చెప్పుకుంటున్న సమయంలోనే ఆ నైపుణ్యం అవసరమవుతుంది. ఆమె కోలుకోవడానికీ కథ ముందుకు సాగడానికీ మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని నేను పరిష్కరించలేదు, పరిష్కరించకూడదు కూడా.

ప్రచురణ సంస్థ సంపాదకుడు ఇక్కడ ఒక మలుపు సూచించారు: భర్తకు తెలియకుండా ఆమే ఆహారంలో డైసల్ఫిరామ్ కలుపుతూ ఉంటే ఎలా ఉంటుంది? కథగా అది పదునైనదే. అయితే రోగికి తెలియకుండా ఆ మందు ఇవ్వరాదని వైద్యులు పదే పదే హెచ్చరిస్తారు. తెలియక తాగినవాడు చనిపోవచ్చు. ప్రేమతో చేసిన పనిగా దాన్ని చూపిస్తే అనుకరించేవారు ఉంటారు, నేరంగా చూపిస్తే ఆమె పాత్ర మొత్తం కూలిపోతుంది. ఆయన రెండుసార్లు అడిగి వదిలేశారు.

కలిపే పని ప్రతినాయకుడికి ఇచ్చాను, కలిపినది మద్యం. పాత కేసును తిరిగి తెరవమని కోరుతూ కథానాయకుడు అధికారుల ఎదుట మాట్లాడవలసిన రోజున, అతడు తాగే పళ్లరసంలో కొద్దిగా మద్యం చేరుతుంది. పెరట్లో ఉమ్మేయడం మొదలై అప్పటికి కొద్ది రోజులే అయింది, మందు ప్రభావం ఒంట్లో ఇంకా ఉంది. ముఖం ఎర్రబడుతుంది, మాట తడబడుతుంది, అందరి ముందు వాంతి చేసుకుంటాడు, గదంతా మద్యం వాసన. చూసినవారికి ఇక సాక్ష్యం అవసరం లేదు. తాను తాగలేదన్న అతని మాటను భార్య నమ్మాలనుకుంటుంది, కానీ అదే వారంలో పెరట్లో మాత్రలు ఆమె కంటపడ్డాయి. అతడు ఈ రోజు గురించి నిజం చెబుతున్నాడు, కొద్ది రోజులుగా మాత్రల గురించి అబద్ధమాడుతున్నాడు. రాసిన అధ్యాయాలన్నిటిలో నాకు ఎక్కువ కాలం పట్టినది ఇది, ఎందుకంటే ఒక్క వాక్యం అటు మొగ్గితే అతడు అమాయకుడవుతాడు, ఇటు మొగ్గితే మోసగాడవుతాడు.

ప్రయోగశాల పరీక్షలు ఈ సందిగ్ధాన్ని తేల్చేస్తాయేమోనని మొదట భయపడ్డాను. చదివిన కొద్దీ అవి దాన్ని మరింత చిక్కబరిచాయి. మద్యం శరీరంలోంచి వెళ్లిపోయాక కూడా ఇథైల్ గ్లూకురోనైడ్ అనే పదార్థం మూత్రంలో కొన్ని రోజులు కనిపిస్తుంది. ఆ పరీక్ష చాలా సున్నితమైనది; మద్యం కలిసిన మౌత్‌వాష్ కూడా స్వల్పంగా ఫలితం చూపించగలదు. అది చెప్పేది ఒంట్లోకి మద్యం చేరిందని మాత్రమే. ఫాస్ఫటిడైల్ ఇథనాల్ అనే మరో పదార్థం మద్యం సమక్షంలో ఎర్రరక్తకణాల పొరల్లో ఏర్పడి, వారాల తరబడి సాగిన తాగుడుకు రక్తంలో గుర్తుగా నిలుస్తుంది. నా కథానాయకుడికి మొదటి పరీక్షలో మద్యం కనిపిస్తుంది, రెండో పరీక్షలో కనిపించదు. అతడు పాత అలవాటులోకి జారిపోలేదని దానితో రుజువవుతుంది, కానీ ఆ రోజు గ్లాసు ఎవరి ఉద్దేశంతో అతని చేతికి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు.

స్నేహితుడి మరణం వెనుక ఉన్న శాస్త్రం ఇంకా కఠినమైనది. మత్తుమందులకు అలవాటైన శరీరం కాలక్రమేణా పెద్ద మోతాదును తట్టుకుంటుంది. నెలల తరబడి మానేస్తే ఆ ఓర్పు పోతుంది, ఒకప్పుడు మామూలుగా తీసుకున్న మోతాదే ఊపిరి ఆపేస్తుంది. చికిత్స కేంద్రాల నుంచి గాని, జైళ్ల నుంచి గాని బయటికి వచ్చిన తొలి వారాలు అందుకే అంత ప్రమాదకరమైనవి. నవలలో పోలీసులు, బంధువులు, చివరికి తోటి సభ్యులు కూడా అతడు మళ్లీ మొదలుపెట్టాడని వెంటనే నమ్మేస్తారు. హంతకుడు లెక్కపెట్టుకున్నది ఈ నమ్మకాన్నే. హెరాయిన్ వంటి ఓపియాయిడ్ మత్తుమందుల ప్రభావాన్ని కొద్ది నిమిషాల్లో తిప్పికొట్టే నలోక్సోన్ స్ప్రే స్నేహితుడి సొరుగులో ఉంది, తెరిచి కూడా ఉంది, కానీ వాడలేదు. స్పృహ తప్పినవాడు తనకు తాను దాన్ని వాడుకోలేడు, వెతికి తీయనూలేడు. మూత తీసి, ఆలోచించి, మళ్లీ సొరుగులో పెట్టిన ఇంకో చెయ్యి ఆ గదిలో ఉంది.

హత్యకు కారణం వెతుకుతూ, ఇలాంటి సంఘాల సభ్యులు కోలుకోవడానికి ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్ల దగ్గరికి వెళ్లాను. మద్యం విషయంలో ఆల్కహాలిక్స్ అనానిమస్‌లోనూ, మత్తుమందుల విషయంలో 1953లో మొదలైన నార్కోటిక్స్ అనానిమస్‌లోనూ ఎనిమిదో మెట్టు, తాము హాని చేసినవారందరి జాబితా రాసుకోవడం. తొమ్మిదో మెట్టు, వారికో ఇతరులకో కీడు జరగని పక్షంలో, స్వయంగా వెళ్లి ఆ హానిని సరిదిద్దుకోవడం. ఒక మనిషి నిజాయితీగా ఆ జాబితా రాస్తున్నాడంటే, అతడితో కలిసి ఏదో దాచినవారందరికీ నిద్ర పట్టదు. మేడ మీద జరిగినదాన్ని స్నేహితుడు చూశాడు. ఆనాటి మౌనానికి అతడికి ఇంజెక్షన్లు దొరికాయి. ఇప్పుడు అతని జాబితాలో నా కథానాయకుడి పేరు ఉంది. మేలు కోరి వేసిన అడుగే చావును తెచ్చిపెట్టడం నాకు బాధ కలిగించినా, కథకు ఇంతకంటే సహజమైన కారణం దొరకలేదు.

కోలుకుంటున్న పాఠకులు ఈ పుస్తకాన్ని చదువుతారన్న స్పృహ భాషను కూడా నియంత్రించింది. గ్లాసులో ద్రవం రంగు, మంచు గడ్డల చప్పుడు, మొదటి గుటక గొంతులో దిగే తీరు: ఇవన్నీ రాయడానికి ఇంపైనవి, చదివేవారిలో కొందరికి అవే కోరికను రేపే సంకేతాలు. నవలలో ఎక్కడా మద్యం రుచి వర్ణించలేదు. మోతాదులు, పద్ధతులు అసలే లేవు. కోరిక పుట్టినప్పుడు మాత్రం దాచలేదు. అది అలలా లేచి, తారస్థాయికి చేరి, లొంగకుండా కాసుకుంటే తగ్గిపోతుందని మార్లట్ చెప్పిన మాటను ఒక నిఘా సన్నివేశంలో వాడుకున్నాను. కారులో కూర్చుని ఎదురింటి తలుపును కనిపెట్టుకొని ఉన్నవాడికి, ఆ వీధి చివర వెలుగుతున్న మద్యం దుకాణం బోర్డు కూడా కనిపిస్తూనే ఉంటుంది. కోరిక దిగిపోయే వరకు అధ్యాయాన్ని సాగదీశాను, తలుపు ఈలోగా తెరుచుకొని మూసుకుపోతుంది, అతడు గమనించడు.

చేతిప్రతిని చదివిన వారిలో, చాలా ఏళ్లుగా తాగకుండా ఉన్న పెద్దాయన ఒకరు రెండు చోట్ల గట్టిగా అభ్యంతరం చెప్పారు. మొదటిది, నా కథానాయకుడు ఒంటరిగా పళ్లు బిగించి నెగ్గుకొచ్చే పేజీలు. "అంత గట్టివాడైతే మాతో పనేమిటండీ?" అని అడిగారు. ఆ పేజీలలో అతడి చేత ఫోన్ చేయించాను. థ్రిల్లర్‌లో ఒంటరి వీరుడు ఇంకొకరికి ఫోన్ చేయడం వేగాన్ని తగ్గిస్తుందన్నది నిజమే, తగ్గనిచ్చాను. రెండోది, హంతకుడు దొరికిన రాత్రే కథానాయకుడికి విముక్తి కలిగినట్టు ధ్వనించే పేరా. నేరం ముగుస్తుంది, ఇది ముగియదని ఆయన అన్నారు. ఆ పేరాను పూర్తిగా తీసేశాను. దాని స్థానంలో మర్నాడు ఉదయం ఉంది. భార్య ఈసారి మాత్ర ఇచ్చి పక్కన నిలబడదు, బల్ల మీద పెట్టి తన సమావేశానికి వెళ్లిపోతుంది. అతడు వేసుకున్నాడో లేదో నవలలో లేదు.

సంపాదకుడితో చివరి చర్చ మేడ మీది రాత్రి గురించే జరిగింది. పాఠకుడు ఇంత దూరం వచ్చాడు కాబట్టి ఉపసంహారంలో ఆ రాత్రిని ఉన్నది ఉన్నట్టు ఒక అధ్యాయంగా చూపించాలని ఆయన పట్టుబట్టారు. ఆ రాత్రి మేడ మీద ముగ్గురు బతికి బయటపడ్డారు: ఒకడికి ఏమీ నమోదు కాలేదు, ఇంకొకడు తర్వాత చనిపోయాడు, మూడోవాడు హంతకుడు. ఆ అధ్యాయాన్ని ఎవరి కళ్లతో రాయాలని నేను అడిగాను. కొన్ని వారాల ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాం. చివరి పేజీలో పోలీసులకు హంతకుడు ఇచ్చిన వాంగ్మూలం సగం పేజీ ఉంటుంది. తన తప్పును వీలైనంత తగ్గించి చెప్పుకున్న వాంగ్మూలం అది, అందులో కుక్క మళ్లీ మొరుగుతుంది. నా కథానాయకుడు దాన్ని క్లెయిము కాగితం చదివినట్టే చదివి, కుక్క ఉన్న వాక్యం కింద పెన్సిలుతో గీత గీస్తాడు. పుస్తకం ఆ రూపంలోనే అచ్చయింది.